ఇంట్లో రౌటర్‌కు, కెమెరాలకు ఎర్తింగ్: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఎలా చేయించుకోవాలి

మార్చి వచ్చిందంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడ ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా మాడ్చేసే ఎండ, నాలుగు దాటేసరికి కొండల మీద మబ్బు, ఆ వెంటనే ఈదురుగాలి, ఉరుములు. ఒడియా వాళ్ళు కాలబైశాఖి అనే ఈ గాలివానలు అసలు వర్షాకాలం మొదలయ్యేదాకా వస్తూనే ఉంటాయి. పిడుగులు ఇక్కడ ఎంత ప్రాణాంతకమంటే, ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మాడిపోయిన రౌటర్లు, కెమెరా బాక్సులు ఆ లెక్కల్లోకి రావు. కానీ కింద కొట్టు, పైన ఇల్లు ఉన్న కుటుంబానికి రౌటర్ పోయిందంటే బేరం దగ్గర ఆన్‌లైన్ చెల్లింపులు, పిల్లల చదువు, గేటు కెమెరా అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

రిపేరు షాపులో అడిగితే "మీ ఇంట్లో ఎర్త్ లేదండి" అంటారు. ఎర్త్ అంటే దారితప్పిన కరెంటును భూమిలోకి దింపే దారి. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "రౌటర్‌కి రెండు పిన్నులే కదండీ, దానికి ఎర్తెందుకు" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ రెండూ ఎలా కలుస్తాయో అర్థమైతే, పనివాడితో ఏం చేయించాలో మీకే తెలుస్తుంది. అందుకే ఎర్త్ కోసం గొయ్యి తవ్వే ముందు ఈ ఒక్క సంగతి చదవండి.

మామూలు రౌటర్‌కు వచ్చే అడాప్టర్ 12 వోల్టుల డీసీ ఇస్తుంది. దాని మీద ఒక చదరంలో ఇంకో చిన్న చదరం గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదు అని దాని అర్థం. కాబట్టి రౌటర్‌కు మీరుగా ఎర్త్ వైరు తగిలించే పనేమీ లేదు. ఎర్త్ కావలసింది ఇంటికి. రౌటర్‌కు వచ్చే ప్రతి వైరూ ఆ ఇంటి ఎర్త్‌తో ఒకే మట్టంలో ఉండాలి.

పిడుగు మీ వీధిలో ఎక్కడో పడి, అందులో 1,000 ఆంపియర్లు మీ ఎర్త్ గొయ్యిలోకి దిగాయనుకుందాం. గొయ్యి నిరోధం 5 ఓమ్‌లు, అంటే మంచి ఎర్తే. అయినా ఆ క్షణంలో మీ ఎర్త్ వైరు 5,000 వోల్టులకు లేస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ కలిసి లేస్తే ఏ వస్తువుకూ నష్టం లేదు. వంశధార పొంగినప్పుడు పడవా అందులోని సామానూ కలిసే లేస్తాయి, ఒడ్డున గుంజకు కట్టిన తాడే తెగుతుంది. మీ ఇంట్లో ఆ తాడు ఏదంటే, గేటు దగ్గర ఇనుప స్తంభం మీది కెమెరా నుంచి వచ్చే లాన్ కేబుల్ (నెట్‌వర్క్ వైరు). లేదా డాబా మీది యాంటెన్నాకు విడిగా పాతిన రాడ్డు. ఆ వోల్టుల తేడా అంతా కేబుల్ చివర ఉన్న గోరంత చిప్ మీద పడుతుంది. ఈ గైడ్‌లో చెప్పే పనులన్నీ ఆ తేడా రాకుండా చూసుకోవడానికే.

ముందే ఇంకో మాట. పిడుగు నేరుగా ఇంటి మీద పడితే ఇక్కడ రాసిన ఏ ఏర్పాటూ వస్తువులను కాపాడలేదు. దానికి డాబా మీద పిడుగు వాహకం, దాని లెక్కలు వేరే ఉంటాయి. మన రౌటర్లలో ఎక్కువ భాగం పోయేది మాత్రం దగ్గర్లో పడిన పిడుగు వైర్లలో పుట్టించే సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) వల్ల. దాన్ని చాలావరకు ఆపవచ్చు.

మొదట సాకెట్ చూడండి

రౌటర్ ఏ సాకెట్‌కు ఉందో దాని ముందు నిలబడండి. పైన పెద్ద రంధ్రం ఎర్త్, మీ కుడిచేతి వైపు ఫేజ్ (కరెంటు వచ్చేది), ఎడమ వైపు న్యూట్రల్ (తిరిగి పోయేది). మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పర్లాకిమిడి, బరంపురం పాత వీధుల్లోని ఇళ్ళలో గోడ లోపల రెండే వైర్లుంటాయి, పైన బిగించిన సాకెట్ మాత్రం కొత్తది.

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, కానీ ప్రోబ్ (కొలిచే కడ్డీ) వైర్లు చిట్లి ఉండకూడదు. నాబ్‌ను ఏసీ వోల్టుల పెద్ద రేంజ్‌లో, అంటే 600 లేదా 750లో పెట్టండి. చెప్పులు వేసుకుని, ఒంటి చేత్తో, ప్రోబ్‌ల ప్లాస్టిక్ పిడి మాత్రమే పట్టుకుని మూడు కొలతలు తీయండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూ ఇటూగా రావాలి. పల్లెల్లో సాయంత్రం పూట 190 వచ్చినా ఆశ్చర్యం లేదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 90, 110, 70 అంటూ నిలకడ లేకుండా తిరుగుతుంటే ఆ రంధ్రం వెనక వైరు లేదు, లేదా ఎక్కడో తెగింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పదో ఇరవయ్యో చూపిస్తే ఎర్త్ బలహీనంగా ఉండవచ్చు, లేదా న్యూట్రల్ జాయింటు వదులై ఉండవచ్చు. రెండోది మరీ ప్రమాదం, ఆ రోజే చూపించండి.

అసలు మోసం సరిగ్గా సున్నా చూపించినప్పుడు జరుగుతుంది. ఇస్త్రీ పెట్టె గానీ గీజర్ గానీ వేసి మళ్ళీ కొలవండి. న్యూట్రల్‌లో కరెంటు నడుస్తున్నప్పుడు కొంచెమైనా వోల్టేజీ కనిపించాలి. అయినా సున్నా కదలకపోతే, సాకెట్ వెనక ఎవరో న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు తీసి ఎర్త్ పిన్నుకు కలిపి ఉంటారు. ఇది మన ఊళ్ళలో చాలా మామూలు. పనివాడు టెస్ట్ బల్బు వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది" అని చూపిస్తాడు. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజున మాత్రం ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషీన్, కంప్యూటర్ కేసు అన్నిటి మీదా 230 వోల్టులు నిలుస్తాయి. ఆ ముక్క వైరును తీయించేయండి. ఎర్త్ లేకపోవడం కంటే దొంగ ఎర్త్ ఎక్కువ ప్రమాదం.

మల్టీమీటర్‌తో కొలవడం వరకే మీ పని. మెయిన్ ఆపినా సరే, బోర్డు విప్పడం, వైర్లు కలపడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

గొయ్యి

ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ వేశారంటే ముందు ఆ పైపు ఎక్కడుందో వెతకండి. చాలా ఇళ్ళలో అది మీటరు కింద సిమెంటు గచ్చులో కలిసిపోయి ఉంటుంది. క్లాంపు చుట్టూ తెల్లటి పొడి, దాని కింద ఎర్రటి తుప్పు, బోల్టు ముట్టుకుంటే ఊగడం, తీగ వేలితో వంచితే పుటుక్కున విరగడం. ఇవి కనిపిస్తే పైపు భూమిలో ఎంత బాగున్నా ఇంటికి ఎర్త్ లేనట్టే. కొన్నిసార్లు మొత్తం మరమ్మతు ఈ ఒక్క క్లాంపుతోనే అయిపోతుంది. పాతది తీసి, పైపును ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త జీఐ (జింకు పూత ఇనుము) క్లాంపు, నట్టు, వాషర్లతో బిగించి, పైన గ్రీజు పూస్తే చాలు.

కొత్తది వేయాలంటే మన దేశంలో ఎర్తింగ్‌కు ఆధారం ఐఎస్ 3043 అనే ప్రమాణం. దాని ప్రకారం జీఐ పైపు లోపలి వ్యాసం కనీసం 38 మిల్లీమీటర్లు, పొడవు కనీసం రెండున్నర మీటర్లు ఉండాలి. గోడ నుంచి మీటరున్నర దూరం వదలాలి. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం పాత పద్ధతి. అది పనిచేస్తుంది, కానీ ఉప్పు పైపును తినేస్తుంది. గోపాల్‌పూర్, ఛత్రపూర్ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇనుము మామూలుగానే నిలవదు. అక్కడ రాగి పూత రాడ్డు, చుట్టూ తడిని పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి వేయించుకోవడం మేలు. ఖర్చు ఎక్కువే, కానీ మళ్ళీ మళ్ళీ తవ్వే బాధ ఉండదు.

కొండవాలు ఊళ్ళలో కష్టం వేరు. రాయగడ, కోరాపుట్ వైపు నాలుగడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. కూలివాడు పైపును అక్కడికే కోసి, మిగిలింది పైన కనిపించేలా వదిలేసి వెళ్ళిపోతాడు. ఒప్పుకోకండి. రాయి ఉన్నచోట పైపును ఏటవాలుగా దింపవచ్చు, నిలువు నుంచి 30 డిగ్రీలు దాటకుండా. అదీ కుదరకపోతే పెరట్లో అరమీటరు లోతు కాలువ తీసి, 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీని కనీసం 15 మీటర్లు పడుకోబెట్టి పూడ్చవచ్చు. ఇది కూడా అదే ప్రమాణంలో ఉన్న పద్ధతే. లోతు దొరకని నేలలో పొడవుతో సరిపెట్టుకోవడమన్నమాట. రెండు పైపులు వేస్తే వాటి మధ్య దూరం పైపు పొడవుకు కనీసం రెట్టింపు ఉండాలి. పక్కపక్కనే పాతితే రెండో పైపు డబ్బు దాదాపు వృథా.

చోటు ఎంచుకునేటప్పుడు నేల ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల చూడండి. స్నానాల గది నీళ్ళు పోయే అరటి పాదు పక్కన, బావి పక్కన. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. ఎర్త్ నిరోధం మట్టిలోని తడి మీద ఆధారపడుతుంది. మట్టి బాగా ఎండిపోయేది ఏప్రిల్, మే నెలల్లో. ఉరుములూ పిడుగులూ విరుచుకుపడేది కూడా అప్పుడే. అంటే ఎర్త్ చాలా అవసరమైన రోజుల్లోనే అది చాలా బలహీనంగా ఉంటుంది. వర్షాకాలంలో కొలిపించి "3 ఓమ్‌లు వచ్చింది, ఇక టెన్షన్ లేదు" అనుకోకండి. ఎర్త్ టెస్టర్ ఉన్నవాళ్ళతో ఏప్రిల్‌లో కొలిపించండి. అప్పుడు 5 ఓమ్‌ల లోపు వస్తే నిశ్చింత. పైపు మూతి దగ్గర గరాటు, దాని మీద సిమెంటు మూత పెట్టించి, మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు మూడు బిందెలు నీళ్ళు పోయండి. మా వైపు పెద్దవాళ్ళు మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడే దీనికీ పోసేస్తారు. ఆ అలవాటు చాలా మంచిది.

గొయ్యి నుంచి బోర్డు దాకా

పైపు నుంచి మీటరు బోర్డుకు 8 నంబరు గేజ్ జీఐ తీగ వేస్తారు. మధ్యలో అతుకులు లేకుండా ఒకే ముక్క ఉండాలి. మెలిపెట్టి చుట్టడం కాదు, లగ్గుతో (తీగ చివర బిగించే లోహపు కొసతో) బోల్టు బిగించాలి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎర్త్‌కు విడిగా ఒక బస్‌బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) ఉండాలి. అక్కడి నుంచి ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ వైరు.

బోర్డులో ఇంకో రెండు వస్తువులు కావాలి. ఒకటి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను ఆపేసే స్విచ్. చాలామంది "ఎంసీబీ ఉందిగా" అంటారు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్. లెక్క వేసి చూడండి. మీ గొయ్యి వేసవిలో 20 ఓమ్‌లకు పెరిగిందనుకుంటే, ఫేజ్ వైరు వస్తువు శరీరానికి తగిలినప్పుడు ఎర్త్‌లోకి పోయేది 230ని 20తో భాగిస్తే వచ్చే పదకొండున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. వస్తువు మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. ఆర్‌సీసీబీ మాత్రం రెప్పపాటులో ఆపేస్తుంది. రాతినేల ఇళ్ళకు ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి.

రెండోది ఎస్‌పీడీ (సర్జ్ నుంచి కాపాడే పరికరం), బోర్డులో పెట్టే టైప్-2 రకం. కరెంటు తీగల మీదుగా వచ్చే సర్జ్‌ను ఇది ఎర్త్‌కు మళ్ళిస్తుంది. దీని దగ్గర పనివాళ్ళు చేసే పొరపాటు ఒక్కటే, వైర్లు పొడుగ్గా వదిలేసి వెనక చుట్ట చుట్టడం. పిడుగు కరెంటు ఎంత వేగంగా పెరుగుతుందంటే, ఒక మీటరు వైరు మీదే వెయ్యి వోల్టులు, ఇంకా ఎక్కువ కూడా నిలుస్తాయి. ఎస్‌పీడీకి వచ్చే ఫేజ్ వైరూ, దాని నుంచి ఎర్త్ బస్‌బార్‌కు పోయే వైరూ కలిపి అరమీటరు మించకుండా, వంపులు లేకుండా వేయించండి. దాని ముఖం మీద ఆకుపచ్చ కిటికీ ఉంటుంది. అది ఎర్రగా మారితే తన పని చేసి చచ్చిపోయిందని. కార్ట్రిడ్జ్ మార్చాలి.

పాత ఇల్లు, గోడలన్నీ పగలగొట్టలేం అంటారా? అయితే బోర్డు నుంచి రౌటర్ ఉండే మూలకు, కంప్యూటర్ బల్లకు, కెమెరా బాక్సు దగ్గరకు కేసింగ్ పట్టీలో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు వైర్లూ కొత్తగా లాగించండి. ఒక పూట పని.

రౌటర్ మూల

ఎక్స్‌టెన్షన్ బాక్సును తిరగేసి దాని ప్లగ్ చూడండి. బాక్సు మీద మూడు రంధ్రాల సాకెట్లు నాలుగుండి, ప్లగ్‌కు రెండే పిన్నులుంటే పారేయండి. దాంట్లో ఎర్త్ ఎప్పుడూ లేదు. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు రంధ్రాల్లో దూర్చే చిన్న కన్వర్టర్లూ అంతే. సర్జ్ ప్రొటెక్షన్ ఉందని అట్ట మీద రాసినా, ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే అది సగం పనే చేస్తుంది.

ల్యాప్‌టాప్ లోహపు అంచు గానీ, ఇనుప కేసు ఉన్న నెట్‌వర్క్ స్విచ్ గానీ తాకితే చేతికి జివ్వుమంటోందా? అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే లీకేజీ అది. మామూలుగా ప్రాణానికి ప్రమాదం లేదు, కానీ ఎర్త్ అందడం లేదనడానికి అదో గుర్తు. మూడు పిన్నుల ప్లగ్‌ను మంచి ఎర్త్‌కు పెడితే పోతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో ఇన్వర్టర్ లైను మీద కూడా ఈ కొలతలు తీయండి. ఇన్వర్టర్ వైరింగ్ తర్వాత చేయించినవాళ్ళు తరచు ఎర్త్ వైరు లాగడం మర్చిపోతారు.

గోడకు ఇనుప ర్యాక్ ఉంటే దాని వెనక ఎర్త్ గుర్తుతో ఒక బోల్టు ఉంటుంది. రంగు గీకి, ఆకుపచ్చ వైరుతో ఆ గది సాకెట్ ఎర్త్‌కే కలపాలి. విడిగా ఇంకో గొయ్యి తవ్వకూడదు.

బయటి నుంచి వచ్చే వైర్లు

అసలు నష్టం ఇక్కడి నుంచే వస్తుంది.

ఫైబర్ గాజు, దాంట్లో కరెంటు పారదు అంటారు, నిజమే. కానీ స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే నల్లటి డ్రాప్ కేబుల్‌ను చేత్తో వంచి చూడండి. గట్టిగా ఉంటే దాని పక్కన సాధారణంగా ఉక్కు తీగ ఉంటుంది, కేబుల్ వేలాడడానికి. ఆ తీగ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. దాన్ని గోడ బయట హుక్కు దగ్గరే కోయించి, గాజు పోగు ఉన్న సన్నటి భాగాన్ని మాత్రం లోపలికి తెప్పించండి. కొన్ని రకాల్లో ఆ సన్నటి భాగం లోపల కూడా ఉక్కు పోగులుంటాయి. లోపలికి పూర్తిగా లోహం లేని రకమే వేయమని కనెక్షన్ ఇచ్చేటప్పుడే అడగండి. తర్వాత అడిగితే ఎవరూ రారు.

ఇంటి నుంచి పెరటి గదికో, వీధి అవతలి కొట్టుకో రాగి లాన్ కేబుల్ లాగకండి. రెండు కట్టడాలకు రెండు ఎర్త్‌లు, మధ్యలో ఆ సన్న తీగ. అక్కడ ఫైబర్ వేసి రెండు చివరలా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టె) పెట్టండి. 

గేటు కెమెరా ఇంటి కాంపౌండులోనే ఉంటే కేబుల్‌ను పైపులో, వీలైతే భూమిలో తీసుకురండి. అది లోపలికి వచ్చే చోట లాన్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్ తోక వైరును అతి తక్కువ పొడవుతో ఇంటి ఎర్త్‌కే కలపండి. కిటికీ గ్రిల్లుకు చుట్టడం పనికిరాదు. గ్రిల్లు సిమెంటులో ఆగిపోతుంది, భూమిలోకి పోదు.

ఫైబర్ రాని కొండ ఊళ్ళలో డాబా మీద గొట్టానికి వైర్‌లెస్ డిష్ బిగిస్తారు. ఆ గొట్టాన్ని జీఐ పట్టీతో, ఇంటి బయటి గోడ మీదుగా నేరుగా ఎర్త్ గొయ్యికి దింపించాలి. గొట్టానికి వేరే రాడ్డు పాతేసి ఉంటే, ఆ రాడ్డునూ ఇంటి గొయ్యినీ మందపాటి పట్టీతో కలిపించండి. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉండడం రక్షణ అనుకుంటారు చాలామంది. నిజానికి ప్రమాదం ఆ విడివిడిగా ఉండడంలోనే ఉంది. డిష్ నుంచి వచ్చే లాన్ కేబుల్ రేకు పొర ఉన్న రకం అయి ఉండాలి, దిగువన మళ్ళీ లాన్ ప్రొటెక్టర్ ఉండాలి.

ఉరుము వినిపించినప్పుడు

ఇంత చేసినా ప్లగ్ తీసేయడాన్ని మించింది లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు, అప్పుడే లేవండి. రౌటర్ అడాప్టర్ తీయండి, బయటి నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా తీయండి. చాలామంది కరెంటు ప్లగ్ తీసి కేబుల్ వదిలేస్తారు. ఉరుములు నెత్తి మీదికి వచ్చేశాక మాత్రం ఏ వైరూ ముట్టుకోకండి, పోతే రౌటరే పోతుంది. పుణేలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే ముందే హెచ్చరిస్తుంది. ఇంట్లో ఒక్కరి ఫోన్‌లోనైనా ఉంచండి.

గాలివాన తర్వాత ఏదైనా పోతే, పారేసే ముందు ఎక్కడ పోయిందో చూడండి. అడాప్టర్ మాడి రౌటర్ బాగుంటే సర్జ్ కరెంటు వైపు నుంచి వచ్చింది. ఎస్‌పీడీ కిటికీ, సాకెట్ ఎర్త్ చూపించండి. రౌటర్ వెలుగుతూ ఒక్క లాన్ పోర్టు మాత్రం చచ్చిపోతే, అది ఆ పోర్టు కేబుల్ వెంటే వచ్చింది. టార్చి వేసి పోర్టు లోపల చూస్తే ఒకటి రెండు బంగారు రంగు కాళ్ళు నల్లబడి కనిపించవచ్చు. ఆ కేబుల్ రెండో చివర ఏ గోడ దాటి, ఏ స్తంభానికి పోతోందో వెతకండి. ఆ దారి సరిచేయించేదాకా కొత్త రౌటర్‌కు ఆ కేబుల్ పెట్టకండి.